సరంగు కాలు

పళ్ళ ల్యాబు, వెనక గది

చప్పుళ్ళ బాబాయికి,

నీ పిడుగు రాస్తున్నది. ఫోన్ చేస్తే "ఆఁ, ఆఁ, తర్వాత మాట్లాడదాం" అని తప్పించుకుంటున్నావు. ఉత్తరమైతే చదవక ఏం చేస్తావో చూస్తానని కాగితం తీశాను.

టికెట్లు దొరికాయి బాబాయ్! మొదటి రోజు, మొదటి ఆట. అమ్మకొకటి, నాకొకటి, ఇంకోటి నాన్న కర్రకి. నవ్వకు. నాన్న పోయాక వస్తున్న మొదటి సరంగు సినిమా ఇది. ఆ కర్రని ఇంట్లో మూలన పడేసి నేను మాత్రం వెళ్ళి కూర్చోలేను. అయినా హాల్లో సగంమంది కర్రలతోనే వస్తారు, నీకు తెలియనిదేముంది. సరంగు మొదటి అడుగు వేయగానే అందరూ ఒక్కసారిగా నేలమీద టక్‌మనిపిస్తారు. క్రితంసారి మా వరసలో ఒకావిడ ఉత్సాహం పట్టలేక ముందు సీటాయన కాలిమీదే టక్‌మనిపించింది. ఆయన కూడా సరంగులాగే కుంటుకుంటూ ఇంటికి వెళ్ళాడు పాపం.

మా ల్యాబులో కట్టుడు పళ్ళు చేయడం నేర్చుకోవడానికి కొత్తగా చేరిన అమ్మాయికి నిన్న మన గొప్పలు చెప్పుకున్నాను. ఆ కుంటి నడక మా నాన్నదే అంటే నమ్మదే! "బొమ్మల సినిమాలో బొమ్మకి మీ నాన్న నడకేమిటండీ" అంది. కూర్చోబెట్టి చెప్పాను. అందరూ ముందు బొమ్మలు గీసి తర్వాత చప్పుళ్ళు అతికిస్తారు, ఆ సినిమాల డైరెక్టరుకి మాత్రం అంతా తిరగేసి చేసే పిచ్చి, ముందు మా బాబాయి నడుస్తాడు, అది రికార్డు చేస్తారు, ఆ చప్పుడు వింటూ బొమ్మలవాళ్ళు సరంగు కాళ్ళు గీస్తారు అని. మొదటి సినిమాకి పడవ నడిపే కుంటివాడి నడక కావాలంటే నువ్వు తిన్నగా మా ఇంటికొచ్చి వారంపాటు నాన్న వెనకాలే తిరిగిన సంగతి కూడా చెప్పాను. "ఏరా, నా కాళ్ళకేసే చూస్తున్నావు, ఏమైనా పారేసుకున్నావా?" అని నాన్న కేకలేసేవాడు కదా. కర్ర టక్, మంచికాలు ధప్, ఈడ్చేకాలు జర్ర్. మెట్లమీద అది వినిపిస్తే చాలు, నేను గబగబా పుస్తకం ముందేసుకునేదాన్ని.

బాబాయ్, నాన్న ఫొటోలు బోలెడున్నాయి. గొంతు మాత్రం ఎక్కడా లేదు, ఎవరికీ తోచలేదు రికార్డు చేద్దామని. ఉన్నది ఆ నడకే. కొత్త సినిమా అంటే నాకు కొత్తగా రెండు గంటలసేపు నాన్న ఇంట్లో తిరిగినట్టు. కథ ఎలా ఏడ్చినా నాకు ఫరవాలేదు, ఆ నడకుంటే చాలు.

ఒక్క ముక్కైనా చెప్పవేం ఈసారి? నోరు కుట్టేశారా?

నీ పిడుగు


స్టూడియో, ఇసక గుంట పక్క బల్ల

పిడుగూ,

ఉత్తరం అందింది. ఇక్కడ ఊపిరాడని పని. పొద్దున్నుంచీ తడి చెక్కలమీద పరుగెత్తి పరుగెత్తి చెప్పులు నానిపోయాయి. ఇంకో సినిమా, ఇంకెవరి కాళ్ళో.

సినిమా చూశాక రాయి. ఇప్పుడేం చెప్పను? హాల్లో వదినని చివర కూర్చోబెట్టకు, మధ్యలో కూర్చోబెట్టు, చప్పుడు బాగా అందుతుంది. వదిన ఏమందో తప్పకుండా రాయి. మర్చిపోకు.

బాబాయి


పళ్ళ ల్యాబు, వెనక గది

బాబాయ్,

ఎలా మొదలుపెట్టాలో తెలియడంలేదు. అరికాలి మంట నెత్తికెక్కి ఉంది.

ఎవడు బాబాయ్ ఆ కథ రాసినవాడు? నాకు చూపించు ఒక్కసారి. వాడి పళ్ళన్నీ ఊడగొట్టి నేనే కొత్త సెట్టు చేసిపెడతాను, అదీ కొలత తప్పుగా.

సినిమా మొదలైంది. అందరం కర్రలు పైకెత్తి పట్టుకున్నాం. మూడు సినిమాలపాటు తుఫానుల్లోనూ దొంగలమీదకీ కుంటుకుంటూనే వెళ్ళిన మనిషి. అతను ఏదో దీవిలో, ఏదో ఊటనీళ్ళలో కాలు పెట్టాడు, తీశాడు, బాగైపోయింది! అంతే! జలుబు తగ్గినట్టు! లేచి కర్రని సముద్రంలోకి గిరాటేసి టకటకా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మేమంతా కర్రలు గాల్లో పట్టుకుని అలాగే ఉండిపోయాం, బాబాయ్. ఎక్కడ ఆనించాలో తెలియలేదు. నా వెనకాయన "ఒరేయ్, మా సరంగుని ఎక్కడ దాచార్రా" అని అరిచాడు. ఎవరూ నవ్వలేదు. నేనైతే లేచి ఆయనకి దణ్ణం పెడదామనుకున్నాను.

ఆ తర్వాత రెండు గంటలూ ఎవడో పరాయివాడు సరంగు టోపీ పెట్టుకుని తిరిగాడు. పైగా అదేం వెర్రి, మెట్లు కనబడితే చాలు, చివరి మెట్టుమీద కాలు పెట్టడు, పైమెట్టునుంచి రెండు కాళ్ళతో ధబ్బున గెంతుతాడు! బడి వదిలిన పిల్లాడిలా! యాభై ఏళ్ళవాడు! మొదటిసారి జనం ఊరుకున్నారు. మూడోసారి గెంతేసరికి హాలంతా ఊళ వేసింది. ఇంటర్వెల్లో కొందరు వెళ్ళిపోయారు. గేటు దగ్గర కర్రలు విసిరేసి మరీ పోయారు. పొయ్యిలోకి కట్టెల్లా కుప్పపడ్డాయి. నాన్న కర్రని మాత్రం నేను ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా కూర్చున్నాను. ఏమో, చివర్లోనైనా ఆ కాలు మళ్ళీ పాడవుతుందేమోనని. చూడు నా బుద్ధి, ఒక మనిషి కాలు పాడవ్వాలని దేవుడికి మొక్కుకున్నాను.

నన్ను మోసం చేశారు బాబాయ్. ఇంకో మాట లేదు. నాన్నని పిలిచి, సీటు వేసి, తలుపు మొహంమీద వేసినట్టుంది నాకు.

నువ్వు అడిగావుగా అమ్మ ఏమందని. ఏమీ అనలేదు. ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని కూర్చుంది. మొదటిసారి ఆ దిక్కుమాలిన గెంతు వినబడగానే నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలా. ఆట అయిపోయేదాకా వదల్లేదు. బస్సులో కిటికీవైపే తిరిగి కూర్చుంది. ఇంటికొచ్చి తిండి తినకుండా పడుకుంది. అమ్మ గుండె ముక్కలు చేశారు మీవాళ్ళు. నేను క్షమించను.

నువ్వు అక్కడే ఉన్నావు కదా! నీ కళ్ళముందే కదా ఇదంతా! ఒక్కసారైనా ఇది మా అన్నయ్య నడకరా, ముట్టుకోకండిరా అని అడ్డంపడలేదా?

నీ పిడుగు


స్టూడియో, ఇసక గుంట పక్క బల్ల

పిడుగూ,

నీ కోపం అర్థమైంది. ఇక్కడికీ సంచులకొద్దీ ఉత్తరాలొస్తున్నాయి, నీదే కాస్త మర్యాదగా ఉంది.

ఏం చెప్పను చెప్పు. సినిమా అంటే పదిమంది కలిసి చేసే పని. కథ వాళ్ళ చేతిలో ఉంటుంది. నేను నడిచేవాణ్ణి. కాలం మారుతుంది, కొత్తదనం కావాలంటారు, అలా జరిగిపోతాయి కొన్ని. నువ్వు మరీ మనసుమీదికి తీసుకోకు.

వదిన ఆ తర్వాతైనా ఏమైనా అందా? గెంతు దగ్గర చెయ్యి పట్టుకుందని రాశావు. మొదటి గెంతు దగ్గరేనా? సరిగ్గా గుర్తుందా నీకు?

బాబాయి


పళ్ళ ల్యాబు, వెనక గది

బాబాయిగారికి,

ఇవాళ నుంచి "గారు" తగిలిస్తున్నాను. పరాయివాళ్ళని అలాగే పిలవాలని నాన్న నేర్పాడు.

మా ల్యాబులో రేడియో మోగుతూనే ఉంటుందని మీకు తెలుసు. నిన్న మీ డైరెక్టరుగారు మాట్లాడారు. సరంగు కాలు ఎందుకు బాగుచేశారని జనం తిడుతూంటే, పాపం ఆయన నిజం చెప్పేశాడు. "మా సినిమాల్లో నడక ముందు, బొమ్మ తర్వాత. మా అడుగులాయన ఈసారి తిన్నగా నడిచి రికార్డు చేసి తెచ్చి నా బల్లమీద పెట్టాడు. ఇక నేను కుంటను, కావాలంటే ఇంకొకర్ని పెట్టుకోండి అన్నాడు. ఇంకొకర్ని పెట్టుకోవడం ఇష్టంలేక కథే మార్చుకున్నాం" అన్నాడు.

నా చేతిలో ఎవరివో పైపళ్ళ సెట్టు ఉంది, జారి కిందపడి రెండు ముక్కలైంది.

మీరా! మీరు చేశారా ఈ పని! కథ వాళ్ళ చేతిలో ఉంటుంది, కాలం మారుతుంది, అలా జరిగిపోతాయి అని నీళ్ళు నములుతూ నాకు ఉత్తరం రాసిన చేత్తోనే మా నాన్న నడక పీక నులిమారా? ఊళ్ళోవాడు చేస్తే ఏడ్చి ఊరుకునేదాన్ని. సొంత తమ్ముడు!

ఒక్క సంగతి చెప్తాను వినండి. క్రితం నెల ఒక పెద్దాయన వచ్చి, ముందుపళ్ళ మధ్య సందు పూడ్చి సెట్టు చెయ్యమన్నాడు. ముత్యాల్లా చేసి ఇచ్చాను. ఇంటికెళ్ళి నవ్వితే మనవరాలు దడుచుకుని ఏడ్చి, దగ్గరికే రాలేదట. మర్నాడే వచ్చి "ఆ సందు మళ్ళీ పెట్టమ్మా" అన్నాడు. పెట్టాను. మనిషిని ప్రేమించినవాళ్ళకి కావలసింది ఆ సందే. పళ్ళు చేసుకునేదాన్ని, నాకే తెలిసింది, అడుగులు వేసే మీకెందుకు తెలియలేదు?

అమ్మ సంగతి అడక్కండి. మా అమ్మ ఏమంటే మీకేం?

ఇక రాయను.


మా ఇంటి మేడమీద గది

పిడుగూ,

గారూ గీరూ నా దగ్గర చెల్లవు. నన్ను తిట్టదలిస్తే బాబాయ్ అని పిలిచే తిట్టు.

నేనే చేశాను. డైరెక్టరు చెప్పింది అక్షరాలా నిజం. నీ దగ్గర తేలుకుట్టిన దొంగలా నోరు మూసుకున్న మాటా నిజం. ఎందుకో చెప్తాను, చదివాక చింపేసినా సరే.

మూడో సినిమా పని జరుగుతున్నప్పుడు అన్నయ్య ఒకరోజు స్టూడియోకి వచ్చాడు. నువ్వు నమ్మవు, అన్ని సినిమాలు చేశాం గాని అప్పటిదాకా నేను నడుస్తుంటే ఎప్పుడూ చూడలేదు. స్టూలుమీద కూర్చోబెట్టాను. తుఫానులో సరంగు మేడెక్కే ఘట్టం. కర్ర టక్, ధప్, జర్ర్. నాకు మహా హుషారు, సాక్షాత్తూ గురువుగారే ఎదురుగా ఉన్నారని. బాగా కుంటాను. అయిపోయాక చెప్పులు విప్పి, తుడుచుకుంటూ ఆయన దగ్గరికి నడిచివెళ్ళి "ఎలా ఉంది అన్నయ్యా" అన్నాను.

ఆయన నా మొహం చూడలేదు, నా కాళ్ళు చూస్తున్నాడు. "భలే కుంటావురా నువ్వు. పనయ్యాక చెప్పులు విప్పేసి తిన్నగా ఇంటికి నడిచిపోతావు. నన్ను కూడా ఒక్కసారి అలా ఇంటికి పంపరా" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. ఆ నడకని నేను మూడు సినిమాలకి అమ్ముకున్నాను, జనం కర్రలు కొట్టుకుంటూ చూశారు, నువ్వు దాన్ని పాటలా విన్నావు. ఆ మనిషికి అది నొప్పి పిడుగూ. పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా, అడుగడుక్కీ నొప్పి. నీకు తెలియకుండా మోకాలికి వదిన కాపడం పెట్టేది, నువ్వు బడికెళ్ళాక.

"పిడుగుకి చెప్పకు" అని కూడా అన్నాడు. "దానికి ఈ కాలంటేనే ఇష్టం. చిన్నప్పుడు నా వెనకాలే కుంటుకుంటూ తిరిగేది, ఇది నాకొద్దు అంటే నొచ్చుకుంటుంది" అన్నాడు. అందుకే చెప్పలేదు. ఇప్పుడు నువ్వే లాక్కున్నావు.

నీ పళ్ళాయన సంగతి బాగుంది. అయితే సందు పెట్టమని ఆ పెద్దాయనే వచ్చి అడిగాడు, పెట్టావు. మనవరాలు ఒక్కతే వచ్చి అడిగితే ఆయన నోట్లో చెయ్యిపెట్టేదానివా? నన్ను అడిగింది నా అన్నయ్య.

ఇంకొకటుంది. అసలు సంగతి ఇదే.

ఆ తిన్నని నడకని ఎవడో పరాయివాడిది అన్నావు. అది పరాయి నడక కాదు పిడుగూ. అదీ మీ నాన్నే. లిఫ్టు బాగుచెయ్యబోయి ఆ గోతిలో పడకముందు మీ నాన్న. అప్పుడు నువ్వు వదిన కడుపులో ఉన్నావు. నీకు ఆ నడక ఎలా తెలుస్తుంది? నేనూ వదినా తప్ప విన్నవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

కుంటి నడక నాకు వారంలో పట్టుబడింది. ఇది పట్టుకోవడానికి అన్నయ్య పోయిన దగ్గర్నుంచీ తంటాలు పడ్డాను. జోళ్ళు మార్చాను, నేల మార్చాను. మడమ ముందు తగిలి, వెంటనే వేళ్ళు, మధ్యలో తీరికే ఉండేది కాదు ఆయనకి. ఎప్పుడూ ఎక్కడికో తరిమినట్టు వెళ్ళేవాడు. మేం అద్దెకున్న ఇంట్లో మా గది మెట్ల పక్కనే. చివరి మెట్టు ఎప్పుడూ తొక్కేవాడు కాదు. పైమెట్టునుంచే రెండు కాళ్ళతో ధబ్! కింద వాటా ఇంటావిడ రోజూ తిట్టేది. ఆ ఇంటావిడ కూతురే మీ అమ్మ.

అందుకే వదిన ఏమందని ప్రాణం తీశాను నీది. ముందే చెప్పేస్తే నామీద జాలితో అవునంటుంది. చెప్పకుండా గుర్తుపడితేనే నేను నడిచినట్టు. ఇందులో నా పొగరు కూడా ఉంది, కాదనను.

నీ దగ్గర్నుంచి ఆ చప్పుడు లాక్కున్నాను, అదీ కాదనను. అన్నయ్యా నువ్వూ చెరోవైపు నిలబడితే నేను అన్నయ్యవైపు వెళ్ళాను. నన్ను తిట్టు.

బాబాయి


మన ఇల్లు, వంటగది

బాబాయ్,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. కావాలనే రాయలేదు.

మొదట తిట్లు. నువ్వూ నాన్నా కలిసి నా వెనక మాట్లాడుకున్నారు. నాకు ఇష్టమని ఆయన తన నొప్పి నా దగ్గర దాచాడు, ఆయన చెప్పాడని నువ్వు దాచావు. అమ్మ కాపడం దాచింది. ఇంట్లో అందరికీ తెలిసి, నాకొక్కదానికే తెలియని మనిషా మా నాన్న? నేను అంత చెడ్డదాన్నా? "అమ్మలూ, నొప్పిగా ఉందే" అని ఒక్కసారి అంటే నేనే కూర్చుని పట్టేదాన్ని కదా ఆ కాలు. ఆ అవకాశం లేకుండా చేశారు నాకు. సినిమావాళ్ళు చేసిన మోసం ఇంతకంటే చిన్నది.

నొప్పి ఆయనది, ఒప్పుకుంటాను. ఆ చప్పుడు నాది బాబాయ్. నేను దాంతో పెరిగాను. అదేం తప్పుపని కాదు.

నీ ఉత్తరం అమ్మకి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదివింది. మడిచి, "తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"మీ నాన్నేనని. మొదటి గెంతుకే తెలిసింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి చెప్పవేం? అన్ని రోజులు నేను ఏడుస్తూ తిడుతూ ఉంటే చూస్తూ ఊరుకున్నావా?"

"నీకు పుట్టిన దగ్గర్నుంచీ ఒక చప్పుడుందే. ఇది నాది. కొన్నాళ్ళు నాకొక్కదానికే ఉండనిద్దామనిపించింది" అంది. తప్పుచేసినదానిలా కాదు బాబాయ్, దర్జాగా చెప్పింది. ఆ రోజు తిండి మానేసింది బాధతో కాదట. మాట్లాడితే చెవుల్లోంచి పోతుందేమోనని పడుకుందట.

నిన్న ఇద్దరం రెండోసారి వెళ్ళాం. అడిగింది తనే. హాల్లో పట్టుమని పదిమంది లేరు. గేటు పక్కన ఆ కర్రల కుప్ప ఇంకా అలాగే ఉంది. నాన్న కర్రని ఈసారి ఇంట్లోనే ఉంచాను.

నేనూ కళ్ళు మూసుకున్నాను. కథ ఇప్పటికీ చెత్తే, అందులో మార్పులేదు, మీ డైరెక్టరుకి చెప్పు. నడక మాత్రం విన్నాను. హుషారైన మనిషి. తొందర మనిషి. తన కాళ్ళంటే తనకి లెక్కేలేని మనిషి. నేను ఎంత వెతికినా అందులో మా నాన్న దొరకలేదు. అమ్మ మాత్రం నా పక్కన కూర్చుని, ఇంకా పెళ్ళికాని పిల్లలా నవ్వుకుంటోంది. నాకు అసూయ వేసింది బాబాయ్, దాచడమెందుకు. వాళ్ళిద్దరూ ఎక్కడికో వెళ్తున్నారు, నేను పుట్టనేలేదు.

ఆట అయ్యాక అందరూ వెళ్ళిపోయేదాకా అమ్మ లేవలేదు. అప్పుడు లేచి, పక్క కమ్మీ పట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది. తన మోకాళ్ళు నీకు తెలుసుగా, ఒక్కో మెట్టూ బతిమాలుకుంటూ దిగుతుంది. నేను కింద నిలబడి ఉన్నాను. చివరి రెండు మెట్లూ మిగిలాయనగా ఆగింది. అటూ ఇటూ చూసింది, ఎవరైనా ఉన్నారేమోనని. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుంది.

"అమ్మా, వద్దు!" అన్నాను.

గెంతేసింది. రెండు కాళ్ళతో, ధబ్! తూలి నా భుజం పట్టుకుని నిలదొక్కుకుంది. నొప్పికి కళ్ళనీళ్ళు తిరిగాయి, నవ్వు ఆగడంలేదు. "మా అమ్మ తిట్టేది," అంది. "మీ నాన్నని బాగా తిట్టేది."

బస్సు దిగి ఇంటిదాకా కుంటుకుంటూ నడిచింది బాబాయ్. నా భుజంమీద చెయ్యి వేసి, ఎడమకాలు ఈడ్చుకుంటూ. ధప్, జర్ర్. ధప్, జర్ర్. వీధిలో ఆ చప్పుడు వింటూ నడిచాను. నాకెంత హాయిగా ఉందో చెప్తే నువ్వు తిడతావు.

ఇంటికి రాగానే నీళ్ళు కాచి, ఆవిడ కాలికి కాపడం పెట్టాను. నాకు నీమీద ఇంకా కోపంగానే ఉందని అనుకో, నేనూ అలాగే అనుకుంటాను.

నీ పిడుగు